చేపల కోసం కొన్న సీసా

తాండూరులో మాది ఎరువుల దుకాణం. కింద దుకాణం, మీద ఇల్లు. షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా రైతులకు నత్రజని అమ్మడమే నా పని. పత్తి ఆకు పాలిపోయిందంటే యూరియా వెయ్యమంటాను, వేశాక కూడా పాలిపోతే ఇంకొంచెం వెయ్యమంటాను. అలాంటి నేను మేడ మీద ఒక గాజు తొట్టెలోంచి అదే నత్రజనిని బయటికి పంపడానికి ఏడాదిపాటు పడ్డ తిప్పలు ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత ఎందుకంటారు.

ఎందుకంటే, అమ్మ కంటి ఆపరేషన్ కోసం హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆస్పత్రి హాల్లో ఒక ఉప్పునీళ్ల అక్వేరియం చూశాను. బంగారు చేపల తొట్టెలు అంతకుముందు చాలా చూశాను కాని ఇది వేరు. ఇందులో రాళ్ల మీద పగడపు జీవులు పూలలా విచ్చుకుని, నీళ్లు కదిలినప్పుడల్లా ఊగుతున్నాయి. వాటి మధ్య తెల్ల చారల నారింజ రంగు చేపలు రెండు తిరుగుతున్నాయి. సముద్రం చూడాలంటే మా ఊరి నుంచి ఒక రాత్రంతా రైలెక్కాలి. అది ఇక్కడ గోడకు ఆనుకుని ఉంది. లోపలి నుంచి అమ్మ పేరు పిలిచారట, నాకు వినిపించలేదు. నర్సు వచ్చి భుజం తట్టి, "ఆపరేషన్ మీకా, ఆమెకా?" అని అడిగింది.

కంటికి కట్టుతో బయటికి వచ్చిన అమ్మ రెండో కంటితో తొట్టెను చూసి, ఆ తర్వాత నన్ను చూసింది.

"మస్తుగున్నది కొడుకా. గని ఇంటికి తెచ్చేటట్టు చూడకు" అంది.

తెచ్చాను. హైదరాబాద్‌లో ఆ సామాను అమ్మే దుకాణం వెతికి పట్టుకుని నాలుగడుగుల తొట్టె, ప్యాకెట్లలో వచ్చే సముద్రపు ఉప్పు, నీళ్లను నురగ చేసి మురికి లాగే స్కిమ్మర్, లైట్లు, రాళ్లు అన్నీ ఆటో ట్రాలీలో వేయించుకొచ్చాను. ఉప్పు కలపడానికి స్వచ్ఛమైన నీళ్లు కావాలన్నారు, మేడ మీద బోరు పైపుకు చిన్న ఆర్వో మెషిన్ ఒకటి బిగించాను. నా భార్య వికారాబాద్‌లో టీచరు, రోజూ రైల్లో వెళ్లివస్తుంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, సోఫా ఉండవలసిన చోట సముద్రాన్ని చూసి, చేతిసంచి దించకుండా అలాగే నిలబడింది.

"సోఫా ఏది?"

"కింద గోదాముల పెట్టిన."

"యూరియా మూటల మీదనా?"

"మీద కాదు, పక్కన."

మొదటి రెండు మూడు నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఇసుక మీద గోధుమ రంగు జిగురు పట్టడం మొదలైంది. పగడాలు పొద్దున విచ్చుకోవడం మానేసి, చలికి దుప్పటి కప్పుకున్నట్టు ముడుచుకునే ఉంటున్నాయి. హైదరాబాద్ దుకాణం అతనికి ఫోన్ చేస్తే, "నైట్రేట్ ఎంతుందో చూశారా సార్?" అన్నాడు. చేపల మలం, మిగిలిన మేత కుళ్లి చివరికి నైట్రేట్ అవుతుందని, అది పెరిగితే నాచు పెరుగుతుందని, పగడాలు అలుగుతాయని చెప్పాడు. నైట్రేట్ అంటే నాకు కొత్త మాట కాదు. మూటల మీద రోజూ చదివేదే. దాన్ని తగ్గించాలని చెప్పినవాడే నాకు కొత్త.

పరీక్ష చేసే పెట్టె తెప్పించాను. చిన్న గాజు సీసాలో తొట్టె నీళ్లు పట్టి, పొడి వేసి, ఊపి, కాసేపు ఆగితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ రంగును కార్డు మీది రంగులతో పోల్చుకోవాలి. నాకు తెలిసిన గులాబీ ఒక్కటే. కార్డు మీద వరసగా బోలెడు గులాబీలున్నాయి. సీసాను కిటికీ దగ్గర పట్టుకుని ఆలోచిస్తుంటే నా భార్య వచ్చి వెనక నిలబడింది.

"లేత గులాబి. పర్వాలేదు" అన్నాను.

"లేతనా? ఇది రాణి కలర్. కార్డుల చివరి నుంచి రెండోది."

"నీకట్ల కనిపిస్తున్నది."

"మీకు ఉల్లిపొర కలరు, రాణి కలరు, చెర్రీ కలరు అన్ని ఒక్కటే. మన పెండ్లిల నేను కట్టుకున్న చీరె ఏ రంగో చెప్పుండ్రి."

ఆ రోజు నుంచి పరీక్ష చేసేది నేను, రంగు చదివేది ఆమె.

ముందు మేత తగ్గించాను. అది అమ్మకు నచ్చలేదు. దుకాణం ముందు కూర్చున్న ప్రతివాడికీ ఛాయ్ తాగిస్తూ, ఇంట్లో ఉన్న జీవాలను ఉపాసం ఉంచడం ఏం న్యాయమని అడిగింది. తర్వాత వారం వారం కొన్ని బకెట్ల పాత నీళ్లు తీసేసి, కొత్త నీళ్లు పోయడం మొదలుపెట్టాను. ఆ నీళ్లు ఎందుకు పారబోస్తున్నావని అమ్మ అడిగితే, ఆమెకు అర్థమయ్యేటట్టు, "మన యూరియా లాంటిదే అమ్మా, నీళ్లల్ల ఎక్కువైంది" అని చెప్పాను.

కొన్నాళ్లకు పెరట్లో కరివేపాకు చెట్టు మాడడం మొదలైంది. ఆకు అంచు నుంచి ఎండుకుంటూ లోపలికి వస్తోంది. పక్కనే గుండుమల్లె కూడా అదే దారి పట్టింది. బషీరాబాద్ నుంచి, ఆ పక్క కర్ణాటక ఊళ్ల నుంచి కూడా రైతులు మాడిన ఆకులు సంచిలో వేసుకుని నా దగ్గరికి వస్తారు. నేను ఆకును వెలుతురుకు పట్టి చూసి మందు చెప్తాను. అలాగే కరివేపాకును కూడా చూశాను. పొటాష్ తక్కువైందన్నాను. వేశాను. ఇంకా మాడింది. కనపడని పురుగన్నాను. మందు కొట్టాను. చెట్టు పూర్తిగా మోడైంది. అప్పుడు నా భార్య వంగి, పాదులో తెల్లగా పేరుకున్న మట్టిని వేలితో గీకి చూసి, అమ్మను పిలిచింది.

"అత్తమ్మా, ఈ చెట్టుకు ఏం నీళ్లు పోస్తున్నరు?"

"చేపల నీళ్లు. గంత యూరియా ఉన్న నీళ్లు మోరీల పోసుడెందుకని ఎత్తి పెట్టుకుంటున్న."

"అవి ఉప్పు నీళ్లే అమ్మా" అన్నాను నేను.

"యూరియా నీళ్లని నువ్వే అంటివి. ఏదన్న ఒక్కటే చెప్పాలె."

నైట్రేట్ మాత్రం తగ్గలేదు. చిత్రంగా, నీళ్లు మార్చిన మరునాడు కూడా రాణి కలర్ రాణి కలర్‌గానే ఉంటోంది. ఇంటర్నెట్‌లో ఇలాంటి తొట్టెలు పెట్టుకున్నవాళ్లు రాసుకునేవి చదవడం మొదలుపెట్టాను. అక్కడ చాలామంది చెప్పిన ఉపాయం ఒకటుంది. రోజూ కొన్ని చుక్కల వోడ్కా నీళ్లలో వెయ్యాలి. దాన్ని తిని నీళ్లలోని సూక్ష్మజీవులు పెరుగుతాయి, పెరిగేటప్పుడు నైట్రేట్‌ను కూడా తింటాయి. ఆ సూక్ష్మజీవులను స్కిమ్మర్ నురగతో బయటికి లాగేస్తుంది.

వినడానికి బాగుంది. కాని నేను తాగను. మా ఇంట్లో ఎవరూ తాగరు. తాండూరులో నేను వైన్స్ ముందు నిలబడితే, నేను ఇల్లు చేరేలోపే ఆ కబురు నా కంటే ముందు మెట్లెక్కుతుంది. అందుకని దుకాణం లైసెన్సు పని మీద వికారాబాద్ వెళ్లినప్పుడు, ఆఫీసు పని అయ్యాక స్టేషన్‌కు నడుస్తూ దారిలో ఒక వైన్స్ దగ్గర ఆగాను.

"చిన్న వోడ్కా సీసా" అన్నాను, గొంతు తగ్గించి.

"ఆరెంజా, ఆపిలా, నిమ్మకాయనా సార్?" కౌంటర్లో అతను అందరికీ వినపడేటట్టే అడిగాడు.

"ఏ వాసన లేనిది. చేపలకు."

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. "ఫ్రైకా, పులుసుకా?"

"కాదు, చేపలకే."

"చేపలల్లకైతే వోడ్కా కన్న విస్కీ మంచిగుంటది సార్. మీ ఇష్టం."

సీసాను కాగితంలో చుట్టించుకుని వెనక్కి తిరిగాను. రోడ్డుకు అవతల, కూరగాయల సంచి పట్టుకుని మా మామ నిలబడి ఉన్నారు.

మా మామ గురించి చెప్పాలి. నా భార్య తండ్రి, ఉండేది వికారాబాద్‌లోనే. రిటైరైన హెడ్‌మాస్టరు, చెప్పింది లెక్కలు. తాగేవాళ్ల పెళ్లిళ్లకు వెళ్లినా బరాత్ మొదలయ్యే ముందే ఇంటికి వచ్చేస్తారు. మా సంబంధం చూసినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న, అబ్బాయి తాగుతాడా అని. ఆయన రోడ్డు దాటి వచ్చి నా చేతిలోని కాగితం పొట్లం వైపు చూడకుండా, "అల్లుడా, మంచిగున్నవా?" అన్నారు. నాతోపాటు స్టేషన్ దాకా నడిచారు. దారి పొడుగునా వానల గురించి మాట్లాడారు. రైలు కదిలేటప్పుడు చెయ్యి ఊపారు. ఆయన ఒక్క మాట అన్నా బాగుండేది.

మరునాడు పొద్దున బండికి బట్టల సంచితో మా ఇంట్లో దిగారు. అమ్మను, కూతురిని కూర్చోబెట్టి, నన్ను ఎదురుగా కుర్చీలో కూర్చోమన్నారు. సీసా బల్ల మీదికి తెప్పించారు. నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, సూక్ష్మజీవులు, నైట్రేట్, స్కిమ్మర్ అన్నీ.

ఆయన అంతా విని అద్దాలు తీసి తుడుచుకున్నారు. "సర్వీసంత పిలగాండ్లతోటి గడిపిన అల్లుడా. హోంవర్కు బుక్కు మేక తిన్నదన్నోళ్లను చూసిన. వానకు కొట్టుకపోయిందన్నోళ్లను చూసిన. మందు చేపలు తాగుతయని చెప్పినోడివి నువ్వే ఫస్టు."

"చేపలు కాదు మామా, సూక్ష్మజీవులు. అవి వోడ్కా పట్టుకుని నైట్రేట్ నంజుకుంటయి."

"అంటే ఇంట్లనే బెల్టుషాపు పెట్టినవన్నట్టు" అన్నారు.

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా భార్య నవ్వలేదు. నేను సిరంజిలో కాసింత వోడ్కా తీసి, అందరి ఎదుటా తొట్టెలో వేసి చూపించాను. చేపలు యథాప్రకారం తిరుగుతూనే ఉన్నాయి. మామ కాసేపు వాటినే చూశారు, తూలుతాయేమోనని. తర్వాత పెన్సిల్ తీసుకుని, సీసాలో సరుకు ఎంతదాకా ఉందో అక్కడ లేబుల్ మీద గీత గీశారు. నాలుగు రోజులు ఉండి చూసి పోతానన్నారు.

ఆ నాలుగు రోజుల్లో ఆయనకు తొట్టె పట్టుకుంది. పొద్దున వాకింగ్ నుంచి వచ్చి దాని ముందే పేపరు చదివేవారు. ఇసుకను నోట్లోకి తీసుకుని చెంపల్లోంచి ఊదే చేప ఒకటుంది, దాని మీద ఆయనకు అభిమానం పుట్టింది. నైట్రేట్ గురించి, వోడ్కా మోతాదు గురించి నన్ను ప్రశ్నలడిగేవారు. సీసా మీద కొత్త గీతలు పడుతున్నాయి. వారం దాటినా ఆయన సంచి సర్దుకోలేదు.

నా భార్యకు రెండో శనివారం సెలవు. ఆ పొద్దున ఆమె నన్ను వంటింట్లోకి పిలిచింది. చేతిలో సీసా ఉంది. సరుకు చివరి పెన్సిల్ గీతకు బాగా కిందికి దిగింది.

"ఊదుండ్రి" అంది.

"ఏంది?"

"నా మొకం మీద ఊదుండ్రి. ట్రాఫిక్ పోలీసులకు ఊదుతలేరా?"

ఊదాను. ఉల్లిపాయ పచ్చడి వాసన తప్ప ఏమీ రాలేదు. ఆమె సీసాను, నన్ను మార్చి మార్చి చూస్తుండగానే కింది నుంచి పిలుపు వచ్చింది, యూరియా లారీ వచ్చిందని. యూరియా కరువున్న రోజులవి. నేను దిగేసరికి దుకాణం ముందు లైను వీధి మలుపు దాటింది. కొందరు చెప్పులను లైనులో పెట్టి నీడకు కూర్చున్నారు. అదే పొద్దున లైన్ల మరమ్మతని కరెంటు తీశారు. మధ్యాహ్నానికి ఇన్వర్టర్ కూడా కూర్చుంది.

అప్పుడు పైనుంచి అమ్మ కేక వినిపించింది. "ఒరేయ్, జెల్ది రా. చేపలు మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయి."

లైనును అలాగే వదిలేసి మెట్లెక్కాను. తొట్టెలో నీళ్లు తెల్లగా, మజ్జిగలా ఉన్నాయి. రాళ్లు కనిపించడం లేదు. చేపలు పై అంచున చేరి గుటకలు వేస్తున్నాయి. సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగితే నీళ్లలోని గాలినంతా అవే పీల్చేస్తాయని చదివాను. మోటార్లు నడుస్తుంటే కొంత గాలి కలిసేది. కరెంటు లేదు.

"గింత పెరగడానికి నేను పోసింది చాలదు" అన్నాను.

మామ కుర్చీ మీద చేతులు పెట్టి నిలబడ్డారు. ఆయన గొంతు ఎన్నడూ అంత చిన్నగా వినలేదు. "నేను పోసిన. పొడుగు, వెడల్పు, ఎత్తు గుణించి లెక్క చేస్తే నీ లెక్క మరీ తక్కువొచ్చింది అల్లుడా. పైసలకు చూసుకుంటున్నవేమో అనుకున్న. రెండు రోజుల సంది నా లెక్క ప్రకారం పోస్తున్న."

గుణకారం తప్పు కాదు. కాని రాళ్లు, ఇసుక ఉన్న చోటును లెక్కలోంచి తీసెయ్యలేదు. పైగా నెలల తరబడి మెల్లగా పెంచుకుంటూ చేరవలసిన మోతాదు దగ్గర ఆయన మొదలుపెట్టారు. నా భార్య నా వైపు చూసింది. పొద్దున ఊదించినందుకు క్షమాపణ ఆ చూపులో ఉండొచ్చు, కాని అడిగే సమయం కాదు.

అమ్మ అప్పటికే వంటింట్లోంచి చెంబులు తెచ్చింది. ఛాయ్ చల్లార్చినట్టు నీళ్లు ఎత్తి పై నుంచి పోయడం మొదలుపెట్టాం. మా అమ్మ, మా మామ అంతకుముందు ఒకరికొకరు "మంచిగున్నరా అక్కా", "మంచిగున్నం అన్నా" తప్ప మాట్లాడుకున్నవాళ్లు కాదు. ఇప్పుడు అమ్మ ఆయనకు, "ఇంకింత మీదికెల్లి పోయుండ్రి, నురగ రావాలె" అని పని నేర్పుతోంది. ఆయన అలాగే అంటూ పోస్తున్నారు.

సేటు ఎటు పోయాడో చూద్దామని లైనులోని రైతులు ఇద్దరు ముగ్గురు పైకి వచ్చారు. గుమ్మంలో ఆగి, మజ్జిగ తొట్టె ముందు చెంబులతో నిలబడ్డ మమ్మల్ని చూశారు.

"ఏమైంది సేటు?" అని ఒకాయన అడిగాడు. బొంరాస్‌పేట వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి.

"నైట్రేట్ ఎక్కువైందని మందు పోసినం. అది ఎక్కువైంది."

ఆ పెద్దమనిషి తొట్టెలోకి వంగి చూశాడు. "మాకు దొరకక సస్తున్నం. మీ ఇంట్ల ఎక్కువైందా?" అని, తలపాగా తీసి పక్కన పెట్టి, అమ్మ చేతిలోని చెంబు అందుకున్నాడు.

చెంబులతో పని కాదని అందరికీ తెలుస్తూనే ఉంది. నా భార్యకే తట్టింది. "కింద బ్యాటరీ స్ప్రేయర్లు లేవా? కొత్తవి, మందు పడనివి?"

పరుగున దిగి, అట్టపెట్టె చింపి రెండు తెచ్చాను. ట్యాంకులో తొట్టె నీళ్లే పోసి, వీపుకు తగిలించుకుని, తిరిగి తొట్టెలోకే చిమ్మడం మొదలుపెట్టాం. సన్నని తుంపరగా పడిన ప్రతి చుక్కా గాలి పట్టుకుని దిగుతోంది. చేను తడపడం తెలిసినవాళ్లకు ఈ పని చెప్పనక్కరలేదు. ఒకరు అలసిపోతే ఇంకొకరు తగిలించుకున్నారు. నేను కిందికి వెళ్లి లైను కదిలిస్తుంటే, యూరియా తీసుకున్నవాళ్లు మూటను మెట్ల కింద పెట్టి, ఒక వంతు కొట్టి పోయారు. మామ తెల్ల లాల్చీ మీద స్ప్రేయర్ కట్టుకుని, క్లాసులో బోర్డు మీద రాసేటంత శ్రద్ధగా, ఒక మూల నుంచి ఇంకో మూలకు కొడుతూనే ఉన్నారు.

పొద్దుగూకే ముందు కరెంటు వచ్చింది. స్కిమ్మర్ ఒక్కసారిగా నురగ కక్కింది. చేపలు ఒక్కొక్కటిగా కిందికి దిగాయి. ఇసుక ఊదే చేప మాత్రం రెండు రోజులు రాయి వెనకే ఉండిపోయింది. అది బయటికి వచ్చేదాకా మామ సరిగా అన్నం తినలేదు.

వోడ్కా మోరీలో పోశాం. నీళ్లు తేటపడ్డాక మళ్లీ మొదటికి వచ్చాం, నైట్రేట్ ఎక్కడి నుంచి వస్తోందని. నా భార్య పరీక్ష పొడి డబ్బా చేతిలోకి తీసుకుని, "మీరు తీసేసిన నీళ్లు చూస్తున్నరు గని, పోసే నీళ్లు ఎప్పుడన్న చూసిండ్రా?" అంది.

ఆర్వో మెషిన్ నీళ్లు పట్టి పరీక్ష చేశాం. ఉప్పు కలపనివి, చేప ముట్టనివి. ముగ్గురం కిటికీ దగ్గర నిలబడి చూస్తుండగా ఆ నీళ్లు చక్కగా రాణి కలర్‌కు తిరిగాయి. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆర్వో లోపలి పొర ఎప్పుడో పాడైపోయింది, బోరు నీళ్లను ఉన్నవి ఉన్నట్టే వదులుతోంది. మేం తాగేది క్యాన్ నీళ్లు కాబట్టి ఎవరికీ తెలియలేదు. మా ఇంటి వెనక నుంచి కనుచూపు మేరా చేలే. అక్కడ వేసిన యూరియా సగం నా దుకాణంలోదే. కొంత పైరుకు పోగా, మిగిలింది వానతో భూమిలోకి దిగి, బోరులోంచి మేడ మీదికి ఎక్కి, వారం వారం నా చేతులతోనే తొట్టెలో పడుతోంది. నీళ్లు మార్చినకొద్దీ ఎందుకు తగ్గలేదో అప్పుడు తెలిసింది.

"హోల్‌సేలుగ అమ్మి, రిటైలుగ వాపస్ తెచ్చుకున్నవ్" అన్నారు మామ. ఆ రోజు నా భార్య నవ్వింది. చాలాసేపు నవ్వింది.

కొత్త పొర వేయించాను. తొట్టె పక్కన చిన్న గాజు పెట్టె పెట్టి, అందులో ఒకరకం సముద్రపు నాచు వేసి, లైటు పెట్టాను. నైట్రేట్ తిని నాచు పెరుగుతుంది, పెరిగింది కత్తిరించి తీసేస్తే నైట్రేట్ కూడా దానితో పోతుంది. ఈ సంగతి చెప్పగానే అమ్మకు తొట్టె మొదటిసారి అర్థమైంది. "అంటే పంటనే గద. ముందే చెప్పరాదు?" అంది. ఆ నాచు కోతలన్నీ ఇప్పుడు ఆమెవే. రెండు నెలల్లో ఇసుక మీది జిగురు పోయింది. ముడుచుకున్న పగడాలు విచ్చుకున్నాయి, ఒకటి పక్కకు కొత్త పిలక కూడా వేసింది.

మామ వికారాబాద్ వెళ్లిపోయారు. ఆయన చెప్పే కథలో లెక్క తప్పింది ఎవరిదో స్పష్టంగా ఉండదని నా భార్య అంటుంది.

స్ప్రేయర్ కొట్టిన రైతులు విత్తనాలకో మందుకో వచ్చినప్పుడు ముందు చేపల క్షేమం అడుగుతారు. మొన్న బొంరాస్‌పేట పెద్దమనిషి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. పైకి తీసుకెళ్లాను. ఆమె తొట్టె ముందు చాలాసేపు నిలబడింది. ఆయన ఒక నారింజ చేపను వేలితో చూపించి, "గిదే. పానం పోతుంటే నేనే నిలబెట్టిన" అన్నాడు. ఆ చేపను నేను పోయిన నెలలోనే హైదరాబాద్ నుంచి తెచ్చాను. ఆమె ఆయన వైపు చూసిన తీరు చూశాక, ఛాయ్ తెమ్మని అమ్మకు చెప్పి, వాళ్లకు కుర్చీలు వేశాను.